సెకండ్‌హ్యాండ్ తోలు

కోయంబత్తూరు నుంచి పార్సిల్లో వచ్చింది సూటు.
పద్నాలుగు వేలు. బేరం లేదన్నాడు.
విప్పితే నల్లటి తోలు,
భుజాలు నాకన్నా రెండంగుళాలు వెడల్పు,
కుడి మోచేతి మీద జానెడు గీతలు.
ఒక గీతలో తారు ఇంకా ఇరుక్కునే ఉంది.
ఎవడో, ఎక్కడో, ఎంత వేగంలో పడ్డాడో,
ఆ పడడాన్ని డబ్బిచ్చి కొనుక్కున్నాను.

"చచ్చినోడిదేమో, అడిగినావా?" అంది అమ్మ.
ఫోన్ చేసి అడిగాను.
బతికే ఉన్నాడట. పెళ్లయిందట. లావెక్కాడట.
అప్పుడు గానీ పసుపునీళ్లు చల్లి
సూటుని గడప దాటనివ్వలేదు.

పొదలకూరు నిమ్మకాయల మండీలో గుమస్తాని.
పచ్చికాయ ఒక కుప్ప, పండుకాయ ఒక కుప్ప,
మచ్చకాయ లెక్కలోకి రాదు.
చిట్టా వెనక పేజీలో నా లెక్క వేరే.
బండి ముప్పై ఎనిమిది వేలు, మూడు చేతులు మారింది.
టైర్లు, ముందు వరసోళ్లు రెండు రేసులాడి తీసేసినవి.
బూట్లు ఒక నంబరు పెద్దవి, ముందు గుడ్డ కుక్కాలి.
ఎంట్రీ ఫీజు దగ్గరికొచ్చేసరికి
ప్రతిసారీ పెన్సిలు ఆగిపోయేది.
హెల్మెట్టొక్కటే కొత్తది.
"తలకాయ సెకండ్‌హ్యాండ్‌లో దొరకదబ్బయా"
అన్నాడు ఖాదరు భాయ్.

ఆయిలు బోల్టుకి బెజ్జం వేసి తీగ కట్టకపోతే
ట్రాకులోకి రానివ్వరు.
మూడు డ్రిల్లు బిట్లు విరిగినాక ఆయనే అన్నాడు,
"మీ అమ్మకు ముక్కు కుట్టినోడు
ఇంకా ఉండాడా, పిలవరాదూ?"

రాత్రిళ్లు హైవే మీద పందేలేసే పిల్లకాయలు నవ్వేవాళ్లు.
ఊరికే తోలుకునే రోడ్డుండగా
ఫీజు కట్టి తోలేదేందని.
మోకాట్లో రాడ్డున్న చెంచురామ్ మాత్రం నవ్వలేదు.
మూతబడ్డ రైసుమిల్లు సిమెంటు కళ్లంలో
నా కోసం మచ్చకాయలు పేర్చేది వాడే.
సెల్లులో టైము చూసేదీ వాడే.
కాయల మధ్య ఎనిమిది అంకె, మళ్లీ ఎనిమిది, మళ్లీ.
కొత్త బండికి ఎవరైనా నాలుగు నిమ్మకాయలు తొక్కిస్తారు,
నేను మూడు బస్తాలు తొక్కించాను.
చైనుకి పులుపు వాసన, అన్నం తినే చేతికీ అదే.
గోడని చూస్తే బండి గోడలోకే పోతుంది.
మలుపు చివర చూడాలి.
ఇంత చిన్న సంగతికి
రెండు క్లచ్చి లివర్లు ఖర్చయినాయి.

కోయంబేడు పోయే లోడు లారీలో
బస్తాల మధ్య తాళ్లేసి పడుకోబెట్టాం బండిని.
నాయుడుపేట దాటినాక నాకూ నిద్ర పట్టింది దాని పక్కనే.
తెల్లారి చిన్న ఆటో ట్రాలీలో ట్రాకుకి.

అక్కడ ఒక్కో బండికీ గొడుగు, బల్ల, ఇద్దరు మెకానిక్కులు.
నాకు ఖాదరు భాయ్, ఒక ప్లాస్టిక్ బకెట్టు,
అమ్మ కట్టిచ్చిన పులిహోర.
పక్క టెంటు పిల్లాడు వాసన పట్టి వచ్చి
పులిహోర తిని బ్రేకు ప్యాడ్లు ఇచ్చాడు.
సగం అరిగినవే. నావి ముప్పాతిక.

శనివారం ప్రాక్టీసులో పడ్డాను.
చెప్పడానికేం లేదు.
ఆకాశం, తారు, ఆకాశం.
తర్వాత నిశ్శబ్దం,
ఎవరిదో ఇంజను దూరంగా గేరు మారడం.
లేచి మోచేయి తడుముకున్నాను.
ఉంది.

ఆదివారం రేసు ఆరు ల్యాపులు.
మొదటి మలుపుకే అందరి చప్పుడూ నన్ను దాటిపోయింది.
నాలుగో ల్యాపులో ఒక్క మలుపు,
ఒకే ఒక్కటి,
చూపు ఎక్కడుందో బండి అక్కడికొచ్చింది.
దానికి చిట్టాలో గడి లేదు.

తిరుగు లారీ ఖాళీ. డ్రైవరు పోలయ్య అడిగాడు,
"ఎన్నో ప్లేసు?"
"పంతొమ్మిది."
"ఎంతమందిలో?"
"ఇరవై ఒకటి."
"అయితే ఇద్దర్ని కొట్టినావే!"
"ఒకడు పడ్డాడు. ఒకడికి చైను తెగింది."
తడ దాటేదాకా నవ్వుతానే ఉన్నాడు.

సోమవారం పొద్దున
దండెం మీద సూటు ఆరేసి
అమ్మ మోచేతి గీతలు లెక్కపెడుతోంది.
ముందు ఎన్నుండాయో
ఆమెకు బాగా గుర్తు.